సింగపూర్‌కు దారి చూపిన డచ్చి పెద్దాయన: డాక్టర్ ఆల్బర్ట్ విన్సేమియస్

సింగపూర్‌లో ఉంటున్న మన తెలుగువాళ్లలో లీ క్వాన్ యూ పేరు తెలియనివారు ఉండరు. కాస్త చరిత్ర చదివేవాళ్లకు గో కెంగ్ స్వీ పేరు కూడా తెలిసే ఉంటుంది. ఆ ఇద్దరికీ ఇరవై ఏళ్లకు పైగా సలహాదారుగా ఉండి, ఫీజు పుచ్చుకోకుండా పనిచేసిన ఒక డచ్చి ఆర్థికవేత్త గురించి మాత్రం మన ఇళ్లలో పెద్దగా మాట్లాడుకోం. ఆయనే డాక్టర్ ఆల్బర్ట్ విన్సేమియస్. ఇక్కడ చదివే పిల్లల చరిత్ర పాఠాల్లో విన్సేమియస్ నివేదిక అన్న మాట వస్తుంది. పరీక్ష అయిపోగానే పిల్లలు మర్చిపోతారు, మనం అసలు వినకుండానే ఉండిపోతాం.

నేను కెమిస్ట్రీ చదువుకున్నదాన్ని. పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చి ఇల్లు, పిల్లలు చూసుకుంటున్నాను. ఆర్థిక శాస్త్రం నా సబ్జెక్టు కాదు. అయినా ఆయన గురించి వెతికి చదవడానికి ఒక కారణం ఉంది. కిందటేడు మా వారు పనిచేసే చిప్‌ల కంపెనీ ఒక టెస్టింగ్ లైనును వేరే దేశానికి తరలించింది. మా వారి ఉద్యోగం నిలబడింది కానీ, ఆయన టీములోని రెండు తెలుగు కుటుంబాలు పాస్ గడువు లెక్క చూసుకుని, పిల్లల చదువు సగంలో ఉండగానే సామాన్లు సర్దుకుని వెళ్లిపోయాయి. అసలు ఒక లైను ఒక దేశానికి ఎందుకు వస్తుంది, ఎందుకు పోతుంది అన్న ప్రశ్న నన్ను వదల్లేదు. లైబ్రరీలో పుస్తకాలు తిరగేస్తూ పోతే, ఆ లైన్లు ఈ దీవికి మొదట రావడం వెనుక ఉన్న ఈయన దగ్గరికి చేరాను.

చీజ్ వ్యాపారం నుంచి ఆర్థిక శాఖ దాకా

విన్సేమియస్ 1910 ఫిబ్రవరి 26న నెదర్లాండ్స్ ఉత్తర భాగంలోని లేవార్డెన్ పట్టణంలో పుట్టారు. పాడికి, చీజ్‌కు పేరున్న ప్రాంతం అది. కుర్రతనంలో ఆయన కూడా చీజ్ తయారీలో పనిచేశారు. ఆ తర్వాత రోటర్‌డామ్ వెళ్లి ఆర్థిక శాస్త్రం చదివారు. పుస్తకంలోకి వెళ్లకముందే సరుకు ఎలా తయారవుతుందో, ఎలా అమ్ముడుపోతుందో చేతులతో చూసిన మనిషి కావడం ఆయనకు జీవితాంతం పనికొచ్చింది.

డచ్చివారంటే మనకు కొత్తేమీ కాదు. మచిలీపట్నం, పులికాట్, భీమునిపట్నం పేర్లు చెప్పగానే చిన్నప్పటి సోషల్ పాఠం గుర్తొస్తుంది. 17వ శతాబ్దంలో వాళ్లు మన తీరంలో నేసిన బట్టలు, అద్దకపు బట్టలు కొని, వాటిని ఇండోనేషియా దీవుల్లో మసాలా దినుసులకు మారకం వేసి, ఆ దినుసులను యూరప్‌లో అమ్ముకునేవారు. అంటే మన నేతగాడి మగ్గానికీ యూరప్ వంటింట్లోని జాజికాయకూ నాలుగు వందల ఏళ్ల కిందటే ముడి పడింది. ఏ దేశంలో ఏ పని జరుగుతుంది, అది ఎక్కడికి పోయి దేనితో కలుస్తుంది అన్న లెక్క డచ్చివారికి పాతదే. విన్సేమియస్ చేసింది కూడా ఒక రకంగా అదే లెక్క. కాకపోతే ఈసారి లాభం తన దేశానికి కాదు, ఇంకో చిన్న దేశానికి.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆయన తన ప్రభుత్వంలో ధరల నియంత్రణ పని చూశారు. 1940 మే నెలలో జర్మన్ బాంబులకు రోటర్‌డామ్ నగరం నడిబొడ్డు నేలమట్టమైంది. యుద్ధం ముగిసేసరికి దేశం చితికిపోయి ఉంది. 1949 నాటికి ఇండోనేషియా కూడా చేజారింది. చిన్న దేశం, ఎక్కువ జనం, భూమిలో గనులు పెద్దగా లేవు, ఉన్నదల్లా ఒక రేవు, పనిచేయగల మనుషులు. అలాంటి స్థితిలో ఆయన దేశ పారిశ్రామికీకరణ విభాగానికి డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు. ఆ తర్వాత ప్రభుత్వ ఉద్యోగం వదిలి ప్రైవేటు రంగానికి వెళ్లారు.

1960 అక్టోబర్

సింగపూర్‌కు 1959లో స్వపరిపాలన వచ్చింది. అప్పటికి నిరుద్యోగం 13 శాతం దాటి ఉంది. జనాభా పదహారు లక్షలు, అందులో సగం మంది చిన్నపిల్లలు, యువకులు. రబ్బరు, తగరం, మిరియాలు చుట్టుపక్కల దేశాల నుంచి వచ్చి, ఇక్కడ గ్రేడింగ్ అయి, ఓడలెక్కి పోయేవి. మధ్యవర్తిగా వచ్చే ఆ ఆదాయం ఏటా బడి వదిలి వస్తున్న వేలమందికి పని చూపించలేదు. పక్క దేశాలన్నీ తమ సరుకు తామే అమ్ముకుంటామని చూస్తున్నాయి. పైగా సమ్మెలు.

అప్పుడు సింగపూర్ ఐక్యరాజ్యసమితి సాయం అడిగింది. 1960 అక్టోబర్‌లో వచ్చిన పరిశీలక బృందానికి నాయకుడు విన్సేమియస్. కార్యదర్శిగా వచ్చినవారు ఐ. ఎఫ్. టాంగ్. ఈ బృందం ఇక్కడి ఫ్యాక్టరీలు, రేవు, వర్క్‌షాపులు, యూనియన్లు తిరిగి చూసి, 1961లో నివేదిక ఇచ్చింది. మొదట ఆయనకు పెద్దగా ఆశ కలగలేదని చెబుతారు. ఆశ కలిగించినది ఇక్కడి మనుషుల చేతి పనితనం. ఓడల నిర్మాణం, మరమ్మతులు, లోహ పరిశ్రమ, రసాయనాలు, ఎలక్ట్రికల్ సామాన్లు అనే రంగాలను నివేదిక ముందుకు తెచ్చింది. పెట్టుబడిదారుల కాగితాలన్నీ ఒకే చోట తేలిపోయేలా ఒక సంస్థ ఉండాలంది. అలా 1961 ఆగస్టు 1న పుట్టిందే ఎకనామిక్ డెవలప్‌మెంట్ బోర్డు. మనవాళ్లు ఈడీబీ అంటారు. హాన్ సూయి సెన్ దాని మొదటి చైర్మన్. బృందంతో వచ్చిన టాంగ్ ఇక్కడే ఉండిపోయి, కొన్నేళ్లకు ఆయనా ఆ బోర్డు చైర్మన్ అయ్యారు.

నివేదిక కాకుండా ప్రధానికి విన్సేమియస్ నేరుగా చెప్పిన రెండు మాటలు చాలా ప్రసిద్ధం. ఒకటి, కమ్యూనిస్టుల పట్టు పోవాలి, లేకపోతే ఏ ఫ్యాక్టరీ రాదు. రెండు, నది పక్కన ఉన్న రాఫెల్స్ విగ్రహాన్ని తీసేయకూడదు.

రెండోది వినగానే మనకు వింతగా ఉంటుంది. వలస పాలన పోయిన దేశాల్లో తెల్లదొరల విగ్రహాలు దిగిపోతున్న కాలం అది. కానీ 1957 చివర్లో ఇండోనేషియాలో డచ్చి కంపెనీలన్నీ స్వాధీనమైపోవడం ఆయన కళ్లముందు జరిగింది. కొత్త ప్రభుత్వం విగ్రహాన్ని ఏం చేస్తుందో చూసి, రేపు మా ఫ్యాక్టరీని ఏం చేస్తుందో బయటి కంపెనీలు అంచనా వేసుకుంటాయని ఆయన లెక్క. ఖర్చు లేని భరోసా అన్నమాట. ఇవాళ సెలవు రోజున విక్టోరియా థియేటర్ ముందు మనం ఫొటో దిగే ఆ నల్లటి కంచు విగ్రహం ఇంకా అక్కడ ఉండడం వెనుక ఈ కథ ఉంది.

మొదటి మాట మాత్రం అంత తేలికగా చెప్పి పోయేది కాదు. 1963 ఫిబ్రవరిలో ఆపరేషన్ కోల్డ్‌స్టోర్ పేరుతో వందమందికి పైగా అరెస్టయ్యారు. విచారణ లేకుండా ఏళ్ల తరబడి జైల్లో ఉన్నవారు అందులో ఉన్నారు. అది రాజకీయ నాయకుల నిర్ణయం, ఈయనది కాదు. వాళ్లలో నిజంగా ఎంతమంది కమ్యూనిస్టులు అన్నదానిపై చరిత్రకారుల మధ్య ఇప్పటికీ వాదన ఉంది. ఫ్యాక్టరీల కథ చెప్పుకునేటప్పుడు ఆ కుటుంబాలు కట్టిన మూల్యాన్ని దాటేసి పోవడం నాకు సబబు అనిపించలేదు.

పటం మారిపోయిన రోజు

మొదట వేసుకున్న లెక్క ఏమిటంటే, మలేషియాతో కలిస్తే పెద్ద మార్కెట్ దొరుకుతుంది, బయటి నుంచి కొనే వస్తువులను ఇక్కడే తయారుచేసి అక్కడ అమ్ముకోవచ్చు అని. జురాంగ్‌లో చిత్తడి నేల పూడ్చి ఫ్యాక్టరీ స్థలాలు సిద్ధం చేశారు. మొదట్లో అవి ఖాళీగా పడి ఉంటే, గో కెంగ్ స్వీ చేసిన తెలివితక్కువ పని అని జనం నవ్వుకున్నారు. 1965 ఆగస్టు 9న సింగపూర్ మలేషియా నుంచి విడిపోయింది. పెద్ద మార్కెట్ ఆశ ఒక్క రోజులో పోయింది. 1968 జనవరిలో బ్రిటన్ తన సైనిక స్థావరాలు ఖాళీ చేస్తానని ప్రకటించింది. దేశ ఆదాయంలో ఐదో వంతు దాకా ఆ స్థావరాల మీదే ఆధారపడి ఉంది.

ఇక్కడే ఆయన, గో కెంగ్ స్వీ, ఈడీబీ వాళ్లు వేసుకున్న ప్రశ్న మారింది. మన ఊళ్లో ఏం అమ్ముడుపోతుంది అని కాకుండా, ప్రపంచంలో ఎక్కడో తయారవుతున్న వస్తువులో ఏ ముక్క పని మన దగ్గర చేస్తే అందరికీ కిట్టుబాటు అవుతుంది అని అడిగారు. వస్తువు మొత్తం మనదే కానక్కర్లేదు. ఒక మెట్టు మనదైతే చాలు.

కెమిస్ట్రీ చదివినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. సమీకరణం రాసినప్పుడు ఎడమ వైపు మొదటి పదార్థాలు, కుడి వైపు చివరి పదార్థం కనిపిస్తాయి. మధ్యలో ఎన్ని మెట్లు ఉన్నాయో, ఏ మెట్టు దగ్గర నెమ్మదిస్తుందో అందులో కనిపించదు. దేశాల మధ్య వాణిజ్యం లెక్కలు కూడా అంతే. ఎగుమతి, దిగుమతి అంకెలు చివరి సమీకరణం మాత్రమే. మధ్య మెట్లు వెతికి రాయడమే ఉత్పత్తి జాలాన్ని పటంగా గీయడం.

ఆ మెట్లు 1968 నుంచి వరసగా ఇక్కడికి వచ్చాయి. నేషనల్ సెమీకండక్టర్, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్, ఆ తర్వాత హ్యూలెట్ ప్యాకార్డ్. చిప్‌లు అమెరికాలో తయారై విమానంలో వచ్చేవి. వాటికి ఇక్కడ వెంట్రుకకన్నా సన్నని తీగలు అతికించి, కవచంలో పెట్టి, పరీక్షించి వెనక్కి పంపేవారు. గుప్పెడు చిప్‌ల బరువెంత, విమానం ఛార్జీ ఎంత! పైగా అమెరికా కస్టమ్స్ నియమం ఒకటి కలిసొచ్చింది. అమెరికా విడిభాగాలను బయట కూర్చి తిరిగి తెస్తే, బయట కలిపిన విలువకే సుంకం పడేది. అంత చిన్న నియమం ఒక దేశం మొత్తానికి పని కల్పించిందంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

ఆ పని చేసింది ఎక్కువగా ఆడపిల్లలు. మైక్రోస్కోపు మీద తల వంచి, షిఫ్టుల్లో, గంటల తరబడి. వేలమంది అమ్మాయిలు అలా మొదటిసారి సొంత జీతం చూశారు, తమ్ముళ్లను చదివించారు, కళ్లు పాడుచేసుకున్నారు కూడా. నివేదికల్లో వాళ్లు ఉద్యోగాల సంఖ్యగా మాత్రమే కనబడతారు.

గడియారం, ఓడ

డబ్బు విషయంలోనూ ఆయన పటం చూసే పద్ధతి ఇదే. సింగపూర్ ఆర్థిక కేంద్రం కాగలదా అని ఆయన బ్యాంక్ ఆఫ్ అమెరికాలోని మిత్రుడు వాన్ ఊనెన్‌ను అడిగారు. ఆ మిత్రుడు గ్లోబు చూపించి వివరించాడట. జూరిక్‌లో పొద్దున తెరిచిన డబ్బు వ్యాపారం ఫ్రాంక్‌ఫర్ట్, లండన్ మీదుగా న్యూయార్క్‌కు, అక్కడి నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు చేరుతుంది. శాన్ ఫ్రాన్సిస్కో తలుపులు మూశాక, మళ్లీ జూరిక్‌లో తెల్లవారేదాకా ప్రపంచం నిద్రపోతుంది. ఆ ఖాళీలో సరిగ్గా సరిపోయే గడియారం సింగపూర్‌ది. 1968లోనే బ్యాంక్ ఆఫ్ అమెరికా శాఖతో ఇక్కడ ఆసియన్ డాలర్ మార్కెట్ మొదలైంది. ఇవాళ రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకుల ఐటీలో పనిచేస్తున్న మన పిల్లలెందరికో ఆ ఖాళీ గంటలే అన్నం పెడుతున్నాయి.

ఓడలు, విమానాలకు కేంద్రంగా ఈ దీవిని నిలబెట్టాలన్నది కూడా ఆయన సలహాల్లో ఉంది. తాంజోంగ్ పగార్‌లో కంటైనర్ టెర్మినల్ కట్టాలని నిర్ణయించినప్పుడు ఈ ప్రాంతంలో కంటైనర్ ఓడలే రావడం లేదు. 1972 జూన్ 23న ఎం.వి. నిహోన్ అనే ఓడ 300 కంటైనర్లతో వచ్చింది. అది బయలుదేరింది ఆయన చదువుకున్న రోటర్‌డామ్ నుంచే. 2024లో ఈ రేవు 4 కోట్లకు పైగా కంటైనర్ యూనిట్లను దాటించింది. ప్రపంచంలో దీని స్థానం రెండోది.

జీతం లేని సలహాదారు

1961 నుంచి 1984 దాకా ఆయన సింగపూర్ ముఖ్య ఆర్థిక సలహాదారు. ఏడాదికి రెండు మూడు సార్లు వచ్చి, కొన్ని వారాలు ఉండి, మంత్రులతో, అధికారులతో, కంపెనీల వాళ్లతో, కార్మిక నాయకులతో మాట్లాడి వెళ్లేవారు. దేశానికి అయిన ఖర్చు విమానం టికెట్లు, హోటల్ బిల్లులేనని లీ క్వాన్ యూ తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు. 1967లో ఆయనకు ఇక్కడి ప్రభుత్వ పతకం వచ్చింది. 1976లో కార్మిక సంఘాల సమాఖ్య ఎన్‌టీయూసీ మే డే బంగారు పతకం ఇచ్చింది. ఫ్యాక్టరీ యజమానుల మనిషి అనుకునే అవకాశం ఉన్న ఒకరికి కార్మిక సంఘం పతకం ఇవ్వడం నాకు ఆసక్తిగా అనిపించింది.

1979 నుంచి ప్రభుత్వం దారి మార్చింది. చవక కూలీతో వచ్చిన పని, ఇంకా చవక కూలీ దొరికితే పోతుంది. అందుకని కావాలనే జీతాలు పెంచే సిఫారసులు చేసి, నైపుణ్యాలు నేర్పడానికి నిధి పెట్టి, కింది మెట్టు పనులు పోయినా పర్వాలేదు, పై మెట్టు పనులు రావాలి అనుకున్నారు. 1982లో సీగేట్ వచ్చింది. కొన్నేళ్లలోనే ప్రపంచంలో హార్డ్ డిస్కులు ఎక్కువగా తయారయ్యే చోట్లలో సింగపూర్ ఒకటైంది. తర్వాత ఆ పని కూడా చాలావరకు థాయ్‌లాండ్, మలేషియా, చైనాలకు వెళ్లింది. 1985లో మాంద్యం వచ్చినప్పుడు జీతాలు మరీ పెరిగాయన్న విమర్శ కూడా వచ్చింది. ఏ దారిలోనూ దెబ్బ తగలకుండా పోవడం కుదరదు.

విన్సేమియస్ డెబ్బై నాలుగో ఏట బాధ్యత వదిలేశారు. 1996 డిసెంబర్ 4న కన్నుమూశారు. నాన్యాంగ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆయన పేరు మీద ఒక ప్రొఫెసర్ పదవి ఉంది. ఆయన కొడుకు పీటర్ నెదర్లాండ్స్‌లో పర్యావరణ మంత్రిగా పనిచేశారు.

మనకేమిటి?

ఆయన కాలంలో అనుభవంతో, గ్లోబుతో చేసిన పని ఇప్పుడు పట్టికలతో చేస్తున్నారు. 2009 నాటి ఐఫోన్‌ను విడదీసి చూసిన ఒక ప్రసిద్ధ పరిశోధన ఉంది. చైనా నుంచి ఎగుమతి అయినట్టు రాసుకున్న విలువ సుమారు 179 డాలర్లు. అందులో చైనాలో కూర్చినందుకు మిగిలింది ఆరున్నర డాలర్లు. మిగతాదంతా జపాన్, కొరియా, జర్మనీ, అమెరికా విడిభాగాలది. దేశాల మధ్య గొడవలు మాత్రం ఆ 179 మీదే జరుగుతాయి.

మన ఊళ్లూ ఈ జాలంలోనే ఉన్నాయి. శ్రీసిటీలో 2015 నుంచి ఫోన్లు కూరుస్తున్నారు. సింగపూర్ 1968లో ఎక్కిన మెట్టు లాంటిదే అది. భీమవరం వైపు చెరువుల్లో పెరిగే వనామీ రొయ్యకు తల్లి రొయ్యలు అమెరికా నుంచి వస్తాయి, పెరిగిన రొయ్య మళ్లీ అమెరికా పళ్లేల్లోకి పోతుంది. అందుకే 2025లో అక్కడ సుంకం పెంచితే ఇక్కడ చెరువు గట్టు మీద రైతుకు నిద్ర పట్టలేదు.

ఆయన జీవితం చదివాక నాకు తోచినది ఇది. గొలుసులో ఒక లింకుగా ఉండడం నామోషీ కాదు. ప్రపంచంలో ఏ దేశమూ ఇప్పుడు గొలుసు మొత్తం కాదు. కానీ ఏ లింకూ శాశ్వతం కాదు. దేశానికి ఆ మార్పు ఒక విధానం, కుటుంబానికి మాత్రం సగంలో ఆగిన పిల్లల చదువు. దేశాలు ఇరవై ఏళ్ల ముందుచూపుతో మెట్టు మారతాయి. మనకు దొరికేది నెల రోజుల నోటీసు.

కాబట్టి మనం చేయగలిగినది, ఇంట్లో సంపాదించేవాళ్ల పని ఈ పటంలో ఎక్కడుందో తెలుసుకోవడం. ఆ పని ఎవరి నుంచి వస్తోంది, తర్వాత ఎవరికి చేరుతోంది, దాన్ని వేరే ఊళ్లో చేయడం ఎంత సులువు? ఈ మూడు ప్రశ్నలు భోజనాల దగ్గర మాట్లాడుకోదగ్గవే. పిల్లలకు కూడా చెప్పండి. ఈ సెలవుల్లో ఇంట్లో ఉన్న రైస్ కుక్కరో, పాత ఫోనో వెనక్కి తిప్పించి, అందులో ఎన్ని దేశాల పేర్లు దొరుకుతాయో వెతికించండి. మార్కెటింగ్ పేర్లకన్నా ఆ చిన్న అక్షరాల్లోనే ఎక్కువ చరిత్ర ఉంటుంది.